ఒక ముక్క చెప్పు, దాటిస్తా

మా పెద్ద మేడం పోయారు. మా బడిలో ఊడ్చి నీళ్ళు పట్టే ఆయమ్మ తరగతి గుమ్మం దాటి లోపలికి ఎప్పుడూ రాదు. ఏం చెప్పాలన్నా బయటే నిలబడి చెబుతుంది. ఆ రోజు ఎనిమిదో తరగతికి ఛందస్సు చెబుతుంటే నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. "సార్, పెద్ద మేడం లేరంట సార్. తిరపతి ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది" అంది. నేను చాక్‌పీసు చేత్తో పట్టుకుని, "లేరంటే, ఇంటికి పంపించేశారా?" అని అడిగాను. ఎంత మొద్దు ప్రశ్నో చూడండి. ఆయమ్మ ఏడుపు మొదలుపెట్టాక గానీ నాకు తలకెక్కలేదు. పిల్లలు తలలు వంచుకుని గురువులకూ లఘువులకూ గుర్తులు పెట్టుకుంటూనే ఉన్నారు.

ప్రధానోపాధ్యాయురాలు అని ఫ్లెక్సీలో వేయించారు. బతికుండగా ఆమెను ఆ మాటతో ఎవరూ పిలవలేదు. పిల్లలకూ మాకూ బస్సు కండక్టర్లకూ కూడా ఆమె పెద్ద మేడమే. మాది వడమాలపేటకూ పుత్తూరుకూ మధ్యలో రోడ్డు పక్కన ఉన్న చిన్న ప్రైవేటు హైస్కూలు. మామిడికాయల వ్యాపారం చేసే ఒకాయన పెట్టిన బడి. ఆయన కరస్పాండెంటు, ఈమె హెడ్‌మిస్ట్రెస్సు, నేను తెలుగయ్యవారిని. చేరిన రోజు నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమి అయివోరా" అనేవారు. మొదట్లో వెక్కిరిస్తున్నారేమో అనుకుని మూతి ముడుచుకునేవాణ్ణి. వెక్కిరింపే అని తరవాత తెలిసింది, కానీ అప్పటికి అలవాటైపోయింది.

ఆమె గురించి రాయమంటే నేను కంప్యూటరు దగ్గర మొదలుపెడతాను. చనిపోయిన మనిషి గురించి చెబుతూ సాఫ్టువేరు గొడవేమిటని మీరు విసుక్కోవచ్చు. విసుక్కోండి. నాకూ ఆ సాఫ్టువేరంటే మంటే. కానీ మేడం బాగున్న కాలమూ మేడం కుంగిపోయిన కాలమూ రెండూ ఆ తెర ముందే జరిగాయి.

బడిలో ఏడాదికి రెండు టర్ములు. ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలయ్యేటప్పుడు పాత టర్ములో ఉన్న తరగతిని కొత్త టర్ములోకి మార్చాలి. పేర్లు, హాజరు, మార్కులు, అన్నీ. వెనకట రిజిస్టరులో చేత్తో రాసుకునేవాళ్ళం. ఇప్పుడు తెర మీద తరగతి మొత్తం కనిపిస్తుంది. ఒక్కో పేరు పక్కన ఒక చిన్న గడి. అన్నిటికన్నా పైన, అందరినీ ఒకేసారి ఎంచుకోవడానికి ఇంకో గడి. దాన్ని నొక్కి, కిందున్న బటను నొక్కితే తరగతి తరగతంతా కొత్త టర్ములోకి వెళ్ళి కూర్చుంటుంది. టీ చల్లారేలోపు అయిపోయే పని. మా స్టాఫ్ రూములో దీన్ని 'తోసేయడం' అనేవాళ్ళం. "ఏడో తరగతి తోసేసినావా?" "తోసేసినా, ఇంక తొమ్మిదోది ఉండాది." ఈ మాట పెద్ద మేడం చెవిన పడిందా, ఆ రోజుకు మా పని అయిపోయినట్టే.

"తోసేదానికి అవేమన్నా చెనక్కాయ మూటలా అప్పా? బిడ్డలు. దాటించాల" అనేవారు.

అందరినీ ఒకేసారి ఎంచుకునే ఆ పై గడిని ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. టర్ము మారే రోజుల్లో ఒక్కో క్లాసు టీచరును పిలిచి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకునేవారు. కళ్ళజోడుకు నల్లదారం కట్టి మెళ్ళో వేసుకునేవారు, దాన్ని ముక్కు చివరికి దింపుకుని, తెర మీది పేరు గట్టిగా చదివేవారు. చదివి, మన వైపు తిరిగి, "ఒక ముక్క చెప్పు, దాటిస్తా" అనేవారు. ఆ బిడ్డ గురించి మనం ఒక ముక్క చెప్పాలి. మార్కులు చెప్పకూడదు. మంచి పిల్ల, చెడ్డ పిల్లాడు అనకూడదు. మన కళ్ళతో చూసింది ఏదో ఒకటి చెప్పాలి. "వీడు అన్నంలో కరివేపాకంతా ఏరి పక్కవాడి గిన్నెలో వేస్తాడు మేడం" అంటే, నవ్వి, గడిలో టిక్కు పెట్టేవారు. "ఈ పాప వాన పడుతుంటే బస్సు దిగదు మేడం, వెళ్ళి గొడుగు పట్టాలి" అంటే, "మహారాణి" అని టిక్కు. ఏమీ చెప్పలేకపోతే ఆ గడి ఖాళీగా ఉండిపోయేది. వెళ్ళి ఆ బిడ్డతో మాట్లాడి రావాలి. వచ్చి చెప్పాలి. అప్పుడు గానీ బిడ్డ కొత్త టర్ములోకి వెళ్ళదు.

మాకు ప్రాణం విసిగేది. ఆకలేసేది. ఒకసారి వెనక బెంచీ పిల్లవాడొకడి దగ్గర నేను ఆగిపోయాను. వాడు మాట్లాడడు, అల్లరి చేయడు, చదవడు. ఏం చెప్పేది? "మేడం, వాడి గురించి చెప్పడానికేమీ లేదు, దాటించేయండి" అన్నాను. ఆమె కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏమీ లేని బిడ్డ యాడన్నా ఉంటాడా అయివోరా? నువ్వు సూడలేదని చెప్పు, వాడిలో ఏమీ లేదని చెప్పొద్దు" అన్నారు. పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళాను. వాడు గ్రౌండులో నలుగురిని కూర్చోబెట్టుకుని పుత్తూరు బస్సు కండక్టరును అనుకరిస్తున్నాడు. టికెట్టు చింపడం, చిల్లర లేదని కసరడం, ఈల వేయడం, అచ్చం అదే. నవ్వలేక చచ్చాను. తిరిగొచ్చి చెబితే మేడం వాణ్ణి పిలిపించి ఆ కండక్టరును మళ్ళీ చేయించుకున్నారు. ఆమెకు సుగరు. అయినా సొరుగులో చెనక్కాయ పప్పుండలు దాచుకునేవారు. ఒకటి వాడికిచ్చి, ఒకటి తన నోట్లో వేసుకుని, "ఇంట్లో చెప్పినావంటే సూడు" అని నన్ను బెదిరించారు.

సరే. ఇంత జాగ్రత్త మనిషి చేతిలోనే అది జరిగింది. కొన్నేళ్ళ కిందటి మాట.

ముందు మా ఊళ్ళ పేర్ల సంగతి చెప్పాలి. తిరుపతి, పుత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ముని అనే రెండక్షరాలు లేని ఇల్లు వెతుక్కోవాలి. మునెమ్మ, మునిరత్నం, మునికృష్ణ, మునిలక్ష్మి. ఆ ఏడు పదో తరగతిలో ఇద్దరు మునిలక్ష్ములు ఉన్నారు. ఇద్దరి తండ్రుల పేరూ మునిరత్నమే. ఇంటిపేరులో మొదటి అక్షరం కూడా ఒకటే. చాలదన్నట్టు పుట్టిన తేదీ కూడా ఒకటే. అదెలా అంటారా? పుట్టిన తేదీ తెలియని బిడ్డను బడికి తెస్తే మా వైపు అయ్యవార్లు జూన్ ఒకటి అని రాసేస్తారు. ఇద్దరూ అలా జూన్ ఒకటిన పుట్టినవాళ్ళే. ఊళ్ళు వేరు, మనుషులు వేరు. పిల్లలు ఒకరిని పొడుగు మునిలక్ష్మి అనీ ఇంకొకరిని పొట్టి మునిలక్ష్మి అనీ పిలుచుకునేవారు. సాఫ్టువేరుకు పొడుగూ పొట్టీ తెలియదు కదా.

మొదటి టర్ము చివర్లో పొట్టి మునిలక్ష్మి బస్సు ఫుట్‌బోర్డు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టు కట్టించి ఇంట్లో పడుకోబెట్టారు. అదే సమయంలో పదో తరగతి క్లాసు టీచరు కాన్పుకు వెళ్ళింది. ఆమె బదులు కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. అదే సమయంలో మేడం భర్త తిరుపతి ఆస్పత్రిలో ఉన్నారు. మేడం పొద్దున బడికి, సాయంత్రం ఆస్పత్రికి. ఒక్కోరోజు బస్సులోనే కునుకు తీసేవారు.

ఆ రోజు నేను ఆఫీసు గదిలో ఓ మూల పేపర్లు దిద్దుతున్నాను. మేడం కొత్త టీచరును పక్కన పెట్టుకుని పదో తరగతి దాటిస్తున్నారు. ఆ సాఫ్టువేరు పెట్టినప్పుడు ఎవరో కొన్ని పేర్లు రెండేసి సార్లు ఎక్కించి ఉన్నారు. అలాంటి పేరు రాగానే ఎర్రగీత పడి, ఇద్దరూ ఒకరేనా, కలిపేయమంటారా అని అడిగేది. అప్పటికే మేడం అలాంటివి కొన్ని కలిపేశారు. ఇంతలో కరస్పాండెంటు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంది మేడం, ఇంకా నామకరణాలు చేస్తానే ఉండారా? ఒక నొక్కు నొక్కితే అయిపోతాదంట గదా" అన్నాడు.

"అయిపోవచ్చింది సామీ" అన్నారు మేడం, ఆయన వైపు చూడకుండానే.

తరవాతి పేరు మునిలక్ష్మి. "ఒక ముక్క చెప్పమ్మా" అన్నారు. కొత్త టీచరు, "రెండు జడలు మేడం, ఎర్ర రిబ్బన్లు. మొదటి బెంచీ. పాఠం చదవమంటే పక్క క్లాసుకు వినపడేలా చదువుతుంది" అంది. అది పొడుగు మునిలక్ష్మి. మేడం టిక్కు పెట్టారు. కింద ఇంకో మునిలక్ష్మి ఎర్రగీతతో ఉంది. "ఇంగో మునిలక్ష్మి ఉండాదా మీ క్లాసులో?" అని అడిగారు. ఆ అమ్మాయి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. "లేదు మేడం, ఒక్కతే" అంది. మేడం ఒక్క క్షణం ఆగారు. గోడ గడియారం వైపు చూశారు. ఆస్పత్రి బస్సుకు టైమవుతోంది. కలిపేయమని నొక్కారు. నిజమేనా అని తెర మీద ఇంకోసారి అడిగింది. ఔనని నొక్కారు.

అంతే. పొట్టి మునిలక్ష్మి బడిలో లేదు.

కొత్త టర్ము మొదలైన కొన్నాళ్ళకు ఆ పిల్ల కుంటుకుంటూ వచ్చింది. కట్టు ఇంకా విప్పలేదు. పసరు వాసన వస్తోందని పిల్లలు ముక్కు మూసుకుంటే వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. హాజరు ఇప్పుడు ఫోనులో చూసి పిలుస్తున్నారు. మునిలక్ష్మి అని ఒక్కసారే పిలుపు వస్తుంది. ముందు బెంచీలోంచి పొడుగు పిల్ల "ప్రెజెంట్ మేడం" అంటుంది. ఈ పిల్ల రెండో పిలుపు కోసం చూస్తుంది. అది రాదు. ఒకరోజు లేచి నిలబడి, "నా పేరు రాలేదు మేడం" అందట. "పిలిచాను కదమ్మా మునిలక్ష్మి అని" అని కొత్త టీచరు కసిరిందట. గట్టిగా అడగొచ్చు కదా అంటారేమో. మీరైతే అడిగేవాళ్ళేమో. ఆ పిల్ల అడగలేదు. ప్రోగ్రెస్ కార్డులు పంచిన రోజున అందరికీ కార్డు వచ్చింది, ఆ పిల్లకు రాలేదు. మరుసటి రోజు నుంచి బడికి రావడం మానేసింది. కాలు నొప్పేమో అనుకున్నారు అందరూ. నేను అప్పుడు చిన్న తరగతులకు చెప్పేవాణ్ణి, ఇవేవీ నాకు తెలియవు.

బయటపెట్టింది పొడుగు మునిలక్ష్మి. తన కార్డు పట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చి, "మేడం, నాకు లెక్కల్లో ఇన్ని మార్కులు రాలేదు. ఇవి మా పొట్టి మునిలక్ష్మివి" అంది. ఆ మాట విన్నప్పుడు మేడం ముఖం నేను చూశాను. కళ్ళజోడు తీసేశారు. కార్డు తీసుకోవడానికి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆ బిడ్డ యాడుండాది ఇప్పుడు?" అన్నారు.

"బడి ఇడిసిపెట్టేసింది మేడం. మగ్గాలకు కండెలు సుట్టే పనికి పోతా ఉండాది. నా పేరే లేదు, నేను యాల రావాల అని చెప్పింది."

పిల్ల వెళ్ళాక మేడం నా వైపు తిరిగారు. "అయివోరా, ఒక బిడ్డను మింగేసినా" అన్నారు. ఊరుకోబెట్టబోయాను. కొత్త టీచరు చెప్పిన దాన్ని బట్టి చేశారు కదా మేడం అన్నాను. నన్ను చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సాఫ్టువేరు వాళ్ళకు ఫోను చేస్తే, కలిపాక విడదీయడం కుదరదు, కొత్తగా చేర్చుకోండి అన్నారు. కొత్తగా చేరిస్తే ఆ పిల్ల అప్పుడే బడిలో చేరినట్టు చూపిస్తుంది. ఆరో తరగతి నుంచి మా దగ్గర చదివిన పిల్ల! మేడం టీచర్ల దగ్గరున్న కాగితాలన్నీ తెప్పించుకుని మొదటి టర్ము హాజరునూ మార్కులనూ తన చేత్తోనే మళ్ళీ ఎక్కించారు. పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే గడువు దాటిపోయింది. పై ఆఫీసులో సంజాయిషీ రాసివ్వమన్నారు. కరస్పాండెంటు వచ్చి, "సాఫ్టువేరు తప్పని రాసెయ్యండి మేడం, బడి పేరు యాల చెడగొట్టుకునేది" అన్నాడు.

"యంత్రం నన్ను అడిగింది సామీ. నిజమేనా అని అడిగింది. ఔనని నొక్కింది నేను" అన్నారు మేడం. అలాగే రాసిచ్చారు. ఆ ఆఫీసు వరండాలో ఎన్నిసార్లు కూర్చున్నారో. చివరికి పేరు చేర్చారు. హాల్‌టికెట్టు వచ్చింది.

కానీ పిల్ల రావాలి కదా.

ఆదివారాలు నా స్కూటరు మీద ఆ ఊరికి వెళ్ళేవాళ్ళం. మరమగ్గాల చప్పుడు వినిపించే వీధి. పిల్ల తండ్రి మగ్గం కార్ఖానాలో కూలీ. మేడం ఇంట్లోకి వెళ్ళేవారు కాదు. వాకిట్లో నిలబడి, "మునిలక్ష్మీ! ఓ మునిలక్ష్మీ!" అని పిలిచేవారు. లోపలి నుంచి పలుకు వచ్చేది కాదు. "మేడం, లోపలికెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొద్దాం" అనేవాణ్ణి నేను. "వద్దు అయివోరా. నేను దాని పేరు పిలవలేదు. ఇప్పుడు పిలస్తా. అది పలికిందాకా పిలస్తా" అనేవారు. కాళ్ళు వాచిపోయేవి ఆమెకు. గడప పక్కన అరుగు ఉన్నా కూర్చునేవారు కాదు. నాకు కోపం వచ్చేది. ఆ పిల్ల మీద, ఆ పిల్ల మొండితనం మీద. మళ్ళీ వారం మళ్ళీ పోయేవాళ్ళం.

పరీక్షలకు ముందు ఆదివారం తండ్రి బయటికొచ్చి దండం పెట్టాడు.

"మేడం, మీరొచ్చి ఇట్ల వాకిట్లో నిలబడితే ఊరోళ్ళు నన్ను నిలదీస్తా ఉండారు. బిడ్డకు బడిలో ఏమి చేసినారని అడగతా ఉండారు. నాకు తలకొట్టేసినట్టు ఉండాది. పరీచ్చకు పంపిస్తాలే. మీరు ఇంక రావద్దండి."

"నిజ్జంగా పంపిస్తావా నాయనా?"

"పంపిస్తా మేడం. నా మాట నమ్మండి."

మేడం చేతిసంచి తెరిచి హాల్‌టికెట్టు బయటికి తీశారు. తీసి, మళ్ళీ లోపల పెట్టేశారు. "ఇది ఆ బిడ్డ చేతికే ఇస్తా. సెంటరు గేటుకాడ ఉంటానని చెప్పు" అన్నారు. అతను సరేనన్నాడు. వెనక్కి వస్తుంటే స్కూటరు మీద మేడం చాలా రోజుల తరవాత తనంతట తనే మాట్లాడారు. ఆ పిల్లకు లెక్కలు బాగా వస్తాయని, రేఖాగణితం చూసుకుంటే చాలని.

మొదటి పరీక్ష రోజు పొద్దున్నే సెంటరు గేటు దగ్గరికి వచ్చేశారు. చేతిలో హాల్‌టికెట్టు. మా పిల్లలందరినీ లోపలికి పంపించి నేను వచ్చి చూస్తే అక్కడే ఉన్నారు. బస్సు వచ్చినప్పుడల్లా రెండడుగులు ముందుకు వేసి, దిగినవాళ్ళను చూసి, మళ్ళీ వెనక్కి వచ్చేవారు. గంట కొట్టారు. గేటు వేసేశారు. "ఇంక రాదు మేడం, పదండి" అన్నాను. "ఉండు అయివోరా, బస్సు లేటేమో" అన్నారు. పేపరు అయిపోయి పిల్లలు బయటికొచ్చేదాకా ఎండలో నిలబడ్డారు.

ఆ సాయంత్రమే ఆ ఊరికి వెళ్ళాం. ఇంటికి తాళం. పిల్లను ఆ మధ్యాహ్నమే తమిళనాడు వైపు అమ్మమ్మ వాళ్ళ ఊరికి పంపేశారని పక్కింటామె చెప్పింది. ఊరి పేరు ఆమెకు తెలియదు. వేసవిలో తండ్రి కూడా సామాను ఎత్తుకుని అటే పోయాడు. మేడం భర్త కూడా ఆ వేసవిలోనే పోయారు. నాకు తెలిసిన పెద్ద మేడం ఆ వేసవి తరవాత లేరు. ఉన్నది వేరే మనిషి. పప్పుండలు లేవు, వెక్కిరింపు లేదు. నన్ను అయివోరా అని పిలవడం కూడా తగ్గింది, సార్ అనేవారు. 

పిల్లల్ని దాటించే పని మాత్రం మానలేదు. మా మాట మీద నమ్మకం పోయింది, తన మీద అంతకన్నా పోయింది. టర్ము మారగానే ప్రతి తరగతికీ తనే వెళ్ళి ఒక్కొక్క పేరు పిలిచేవారు. ప్రెజెంట్ అంటే చాలదు. లేచి తన ముందుకు రావాలి. ముఖం చూసి, తల మీద చెయ్యి పెట్టి, అప్పుడు గడి నొక్కేవారు. బడికి రాని బిడ్డ ఉంటే ఆ ఇంటికి వెళ్ళేవారు. కొత్తగా వచ్చిన టీచర్లు ఈమెకేదో చాదస్తం అనుకునేవారు. నేను వాళ్ళకు చెప్పలేదు. ఏమని చెప్పను? సుగరుకు కాలి వేళ్ళు తీసేసినా, చెప్పులు వేసుకోలేకపోయినా, తరగతి తరగతికీ గోడ పట్టుకుని నడిచారు. కిడ్నీలు చెడ్డాయని చెప్పాక గానీ ఇంట్లో కూర్చోలేదు. ఆస్పత్రిలో నేను చివరిసారి చూసినప్పుడు కూడా, "పదో తరగతి దాటించినారా సార్?" అని అడిగారు. దాటించాం మేడం అన్నాను. "అందరినీ?" అన్నారు. అందరినీ మేడం అన్నాను. కళ్ళు మూసుకున్నారు.

పుత్తూరులో వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పాత పిల్లలు చాలామంది వచ్చారు. ఆ కండక్టరు పిల్లాడు నిజంగానే ఏదో ప్రైవేటు బస్సులో చేస్తున్నాడట, యూనిఫారంలోనే వచ్చి ఏడ్చాడు. నేను కాంపౌండు గోడ దగ్గర కుర్చీలు సర్దుతున్నాను. ఏదో ఒక పని కావాలి కదా చేతులకు. అప్పుడు ఒక అమ్మాయి గేటు బయట నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. పొట్టి మనిషి. కొంచెం కుంటుతూ నా దగ్గరికి వచ్చింది.

"సార్, నేను మునిలక్ష్మి" అంది.

 ఏ మునిలక్ష్మి అని అడగాల్సిన పని లేదు.

"మేము మళ్ళా ఈడికే వచ్చేసినాము సార్, ఈ నడుమనే. బస్సులో పోతా ఉంటే సర్కిల్లో మేడం బొమ్మ ఏసి ఉండింది. దిగేసినా."

"ఎన్నిసార్లు వచ్చామమ్మా మీ ఇంటికి. ఒక్కసారి పలకలేకపోయావా?" అన్నాను. చావింట్లో అనకూడని మాట. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది, ఆగలేదు.

ఆ పిల్లకు కోపం రాలేదు. తల వంచుకుని చెప్పింది.

"లోపల్నే ఉండినా సార్. తలుపు ఎనకాల. నాకు రావాలనే ఉండింది. మేడం అట్ల నా పేరు పెట్టి పిలస్తా ఉంటే ఇనేదానికి బాగుండేది సార్. బడిలో ఎవురూ పిలవలేదు గదా. ఇంగొక తూరి పిలిస్తే పోదాం, ఇంగొక తూరి పిలిస్తే పోదాం అనుకుంటా ఉండిపోయినా. పరీచ్చనాడు పొద్దున్నే లేసి, తలకు పోసుకోని, యూనిఫారం ఏసుకోని కూసున్నా. మా నాయన, పొయ్యేదుంటే పో అని చెప్పేసి పనికి ఎల్లిపోయినాడు. ఒక్కదాన్నే పోతే మళ్ళా ఆడ నా పేరు ఉంటాదో లేదో అని బయమేసింది. మేడం వస్తారు గదా, వచ్చి పిలస్తారు గదా అని కూసోని ఉండినా. ఆ పొద్దు మాత్రం రాలేదు."

తల ఎత్తింది. తరవాత అడిగింది.

"ఆ పొద్దు మేడం యాడుండినారు సార్?"

అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఆరోగ్యం బాగాలేదనో, డ్యూటీలో ఉన్నారనో. నోరు రాలేదు.

"సెంటరు గేటు దగ్గర ఉన్నారమ్మా. నీ హాల్‌టికెట్టు పట్టుకుని. పరీక్ష అయిపోయేదాకా ఉన్నారు. మీ నాయనతో చెప్పి పంపారే."

"నాకు చెప్పలేదు సార్" అంది.

 చెప్పులు విడిచి వాకిట్లోకి వెళ్ళింది. ఆడవాళ్ళ మధ్యలోంచి జరుగుతూ వెళ్ళి మేడం తల దగ్గర వంగింది. ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినిపించలేదు, పలక డప్పులు కొడుతున్నారు. ఆమె పెదవులు కదలడం మాత్రం చూశాను. పిలుపుకు పలికే ఒక్క మాటంత సేపే కదిలాయి. తరవాత మేడమ్‌ను ఎత్తారు. మా వైపు ఆడవాళ్ళు వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోతారు, ఆ పైన రారు. నేను పాడె వెనక నడుస్తూ మలుపులో ఒకసారి తిరిగి చూశాను. మిగిలిన ఆడవాళ్ళంతా కాళ్ళు కడుక్కోవడానికి ఇంటి వైపు మళ్ళారు. ఆ పిల్ల ఒక్కతే చెప్పులు లేకుండా ఎండలో నిలబడి మా వైపు చూస్తోంది.